బెలూన్ ఇచ్చేది ఎత్తు, కక్ష్యకు కావలసింది వేగం

రాకెట్‌ను బెలూన్‌కు వేలాడదీసి 30 కిలోమీటర్ల పైకి చేర్చి అక్కడ మండించాలన్న ఆలోచన కొన్నేళ్లకోసారి మళ్లీ తెర మీదికి వస్తుంది. అంతరిక్షం 100 కి.మీ. దగ్గర మొదలవుతుందనుకుంటే దాదాపు మూడోవంతు దూరం ఉచితంగా కలిసొచ్చినట్టే కనిపిస్తుంది. కానీ భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు సుమారు 7.8 కి.మీ. వేగం ఉండాలి. కిలో బరువుకు ఆ వేగం అందించడానికి 30 మెగాజౌళ్ల శక్తి కావాలి. అదే కిలోను 30 కి.మీ. పైకి లేపడానికి 0.3 మెగాజౌళ్లు చాలు. అంటే బెలూన్ మోసేది పనిలో ఒక్క శాతమే.

అసలు లాభం పలచటి గాలిలో ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత నేల మీది దాంట్లో ఒకటిన్నర శాతం. రాకెట్ ఎంత చిన్నదైతే దాని బరువుతో పోల్చినప్పుడు గాలి నిరోధం అంత ఎక్కువ కాబట్టి, చిన్నవాటికి ఇది గొప్ప వరం. 1952లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్ బృందం గ్రీన్‌లాండ్ దగ్గర ఈస్ట్‌విండ్ నౌక నుంచి డీకన్ అనే చిన్న రాకెట్లను ఇలాగే పంపింది. మొదటి రెండూ పైకెళ్లాక మండలేదు. చలికి టైమర్ బిగుసుకుపోయి ఉంటుందని అనుమానించి, వేడిచేసిన నారింజ రసం డబ్బాలను పక్కన పెట్టి పైన చలి ఆగేలా చుట్టారు. మూడోది మండి సుమారు 60 కి.మీ. ఎత్తుకు చేరింది.

ఇదే పద్ధతిని ఉపగ్రహ ప్రయోగానికి పెంచబోతే బరువు దగ్గర బెడిసికొడుతుంది. 30 కి.మీ. ఎత్తులో ఘనమీటరు హీలియం మోయగలిగేది 15 గ్రాములకు కాస్త ఎక్కువ. చిన్న ఉపగ్రహాలను మోసే ‘ఎలక్ట్రాన్’ లాంటి 13 టన్నుల రాకెట్‌కే ఎనిమిది లక్షల ఘనమీటర్లు దాటాలి, అదీ బెలూన్ సొంత బరువు కలపకుండా. నాసా వాడే, ఇంకా పలచటి గాలిలోకి వెళ్లే 11 లక్షల ఘనమీటర్ల బెలూన్లు కూడా నాలుగు టన్నుల లోపే మోస్తాయి. వాటి పాలిథీన్ పొర మందం 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మందం పెంచితే బెలూనే బరువెక్కుతుంది.

సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకెళ్లినా గంటన్నర దాటుతుంది. ఈలోగా ద్రవ ఆక్సిజన్ ఆవిరవుతూ ఉంటుంది, ఘన ఇంధనం మరీ చల్లబడితే పగుళ్లు రావచ్చు. బెలూన్‌కు చుక్కాని ఉండదు కాబట్టి ప్రయోగ స్థానాన్ని గాలే తేలుస్తుంది. వేలాడే రాకెట్ మెల్లగా తిరుగుతూ ఊగుతుంది, మండించే క్షణంలో అది సరైన దిశలో ఉండాలి. నేల మీద గాలి కాస్త బలంగా వీస్తే బెలూన్ నింపడమే కుదరదు.

అందుకే ఉపగ్రహాల కోసం బెలూన్ మీద డబ్బు పోయడం నా దృష్టిలో దండగ. పైకెళ్లి కొన్ని నిమిషాలు కొలతలు తీసి పడిపోయే కొద్ది కిలోల పరికరాలకైతే, అదీ సముద్రం మీద నౌక నుంచైతే, ఈ పద్ధతికి నేటికీ చోటుంది.