డేకిసాను మరిచిన కత్తి కథ

మన తెలుగువాళ్లలో చాలామందికి సిక్కు అంటే రెండే బొమ్మలు. ఒకటి సర్దార్జీ జోకు. రెండోది సరిహద్దులో తుపాకీ పట్టుకున్న తలపాగా. మొదటిది చిన్నచూపని ఈమధ్య కొందరైనా ఒప్పుకుంటున్నారు. రెండోదీ చిన్నచూపేనని నా వాదన. పొగడ్త వేషంలో వస్తుంది కాబట్టి దొరకదు, అంతే.

ఏటా సిక్కుల పండుగ బైశాఖికి ఫోన్లలో కత్తుల బొమ్మలు తిరుగుతాయి. కింద 'సంత్-సిపాహీ', అంటే సాధువూ సిపాయీ ఒక్కరే అని రాసి ఉంటుంది. సంత్ మాత్రం బొమ్మలో ఎక్కడా ఉండడు. గురు అర్జన్ బలిదానం, గురు హర్‌గోబింద్ ధరించిన మీరీ (లోకాధికారం), పీరీ (ఆధ్యాత్మికం) అనే రెండు కత్తులు, 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోబింద్ సింగ్ చేతుల మీదుగా ఖాల్సా అనే దీక్షాసమాజం పుట్టుక... ఈ కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను.

బందా సింగ్ బహదూర్ ముద్ర దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో ఆశ్రమం పెట్టుకున్న బైరాగి ఆయన. 1708లో గురు గోబింద్ సింగ్‌ను కలిసి, సిపాయి అయి పంజాబ్ వెళ్లి, మొఘల్ సర్హింద్‌ను కూల్చాడు. అంతటి విజేత ముద్ర మీద మొదట వచ్చే మాట కత్తి కాదు, దేగ్. అంటే వంట గుండిగ. ఆ తర్వాతే తేగ్, అంటే కత్తి. గెలుపును సూచించే ఫతే మూడోది. మన వంటింట్లో డేకిసా ఉంది చూశారూ, అది ఈ దేగ్‌కు పుట్టిన పిల్లమాటే. యుద్ధం చేసే మనిషి తన ముద్ర మీద వంటపాత్రకు ముందు చోటిచ్చాడంటే, ఆ యుద్ధం ఎందుకోసమో వేరే చెప్పాలా?

బాబా దీప్ సింగ్ పటం చూడండి. ఒక అరచేతిలో తెగిన తల, ఇంకో చేతిలో ఖండా అనే రెండంచుల కత్తి. 1757లో అమృత్‌సర్ కోసం పోరాడి ప్రాణం విడిచిన వీరుడిగా ఆయన్ని కొలుస్తారు. అదే దీప్ సింగ్ దమ్‌దమా సాహిబ్‌లో కూర్చుని సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ప్రతులను అక్షరం అక్షరం చేత్తో రాసిన పండితుడు. వేళ్లకు సిరా మరకలున్న దీప్ సింగ్ పటం నాకైతే ఎక్కడా కనపడలేదు.

తొలి గురువు నానక్ శాంతి చెబితే తర్వాతి గురువులు కత్తి పట్టి దారి మార్చారని ఒక వాదన ఉంది. జాట్ రైతులు పెద్ద సంఖ్యలో చేరడం వల్లే ఆయుధాలు వచ్చాయనే చరిత్రకారులూ ఉన్నారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ బాబర్ సేనలు సైద్‌పూర్‌లో ఊచకోత కోసినప్పుడు నానక్ కళ్లు మూసుకుని జపం చేసుకోలేదు. జనం ఇంత దెబ్బతిని ఏడుస్తుంటే నీకు నొప్పి పుట్టలేదా అని దేవుణ్ణే నిలదీశారు. ఆ పదం ఇప్పటికీ గ్రంథ్ సాహిబ్‌లో ఉంది.

సిక్కును ఉత్త సిపాయిగా కుదించిన పని ఎక్కువగా బ్రిటిష్‌వాళ్లది. కొన్ని కులాలు పుట్టుకతోనే యుద్ధానికి పనికొస్తాయి, మిగతావి రావు అన్న 'వీరజాతుల' సిద్ధాంతం వాళ్లది. ఖాల్సా పెట్టిన రోజున గురు గోబింద్ సింగ్ చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదట దీక్ష తీసుకున్న అయిదుగురు 'పంజ్ ప్యారే'లలో ఒకరు నీళ్లు మోసేవాడు, ఒకరు బట్టల మీద అద్దకం వేసేవాడు, ఒకరు క్షురకుడు. ఆ క్షురకుడు సాహిబ్ చంద్‌ది, మనకు జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్. అయిదుగురికీ ఒకే గిన్నెలో అమృతం ఇచ్చి, తర్వాత వాళ్ల ముందే గురువు చేయి చాచి తానూ తాగారు. మన పల్నాటి చాపకూడు గుర్తొస్తే తప్పు లేదు. రెండు వందల ఏళ్లు తిరక్కుండానే బ్రిటిష్ సైన్యం ఏం చేసింది? సిక్కు రిక్రూట్లు ఖాల్సా గుర్తులు ధరించి తీరాలని పట్టుబడుతూనే, దళిత మజ్హబీ సిక్కులను వేరు చేసి దారులు వేసే పయనీర్ పటాలాల్లో పెట్టింది. గడ్డం ఉంచి గిన్నెను పగలగొట్టింది. వీరత్వాన్ని రక్తంలో వెతికే ఏ పొగడ్తలోనైనా కులం నక్కి ఉంటుందని నేను అంటూనే ఉంటాను. వినేవాళ్లు తక్కువ.

ఆ 'వీరజాతి' 1922లో దొరలకే అర్థం కాకుండా పోయింది. అమృత్‌సర్ దగ్గర గురు కా బాగ్ అనే గురుద్వారా ఉంది. లంగర్, అంటే అందరికీ అన్నం పెట్టే వంటశాల పొయ్యికి గురుద్వారా భూమిలో తుమ్మకట్టెలు కొట్టారని ఆగస్టులో గురుద్వారాల సంస్కరణ కోసం పోరాడే అకాలీలను అయిదుగురిని దొంగతనం కేసులో పట్టుకున్నారు. చూడండి, గొడవ మళ్లీ వంట దగ్గరే. ఆ తర్వాత నిరసనగా రోజూ ఒక జట్టు అమృత్‌సర్‌లోని సిక్కుల పీఠం అకాల్ తఖ్త్ దగ్గర చెయ్యెత్తనని ప్రమాణం చేసి బయల్దేరేది. వాళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం చేసి వచ్చిన మాజీ సైనికులు చాలామంది. పోలీసు లాఠీ భుజం మీద పడేది, కూలిపోయేవాళ్లు, లేచేవాళ్లు, మళ్లీ అదే లాఠీ వైపు నడిచేవాళ్లు. కళ్లారా చూసిన సి.ఎఫ్. ఆండ్రూస్ అనే పాద్రీకి క్రీస్తు శిలువే గుర్తొచ్చింది. అరెస్టులు అయిదు వేలు దాటాయి. తిరిగి కొట్టడం చేతకాక ఊరుకున్నారని వాళ్లను ఎవరంటారు?

అక్టోబర్‌లో పింఛన్ తీసుకునే మాజీ సైనికుల జట్టు ఒకటి అరెస్టయింది. వాళ్లను అటక్ జైలుకు రైల్లో తరలిస్తుంటే, దారిలో హసన్ అబ్దాల్ దగ్గర పంజా సాహిబ్ గురుద్వారా సంగత్ (భక్తుల సమూహం) అన్నం వండి స్టేషన్‌కు తెచ్చింది. రైలు ఇక్కడ ఆగదని స్టేషన్ మాస్టర్ చెప్పాడు. అక్టోబర్ 30న జనం పట్టాల మీద పడుకున్నారు. కరమ్ సింగ్, ప్రతాప్ సింగ్ చక్రాల కింద నలిగి చనిపోయారు. రైలు ఆగింది. ఖైదీలకు అన్నం పెట్టి పంపారు.