ట్రూబ్‌సే దగ్గర దిగనివ్వండి

వేసవి సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు ఎం.వి.పి. కాలనీలో ఒక సన్మాన సభకు రమ్మన్నారు. ఒక కంపెనీ తన డీలర్లను, వాళ్ల ఇంటివాళ్లను స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వార్షిక సమావేశం అక్కడే జరిపింది. అక్కడ వాళ్లకు భోజనాలు, సాయం చూసింది స్విట్జర్లాండ్‌లో ఉంటున్న మన తెలుగు సంఘం వాళ్లే కాబట్టి మాకు శాలువాలు కప్పారు.

తెర మీద ఫొటో వేశారు. టిట్లిస్ అనే కొండ మీద మంచులో కంపెనీ బ్యానర్, వెనక డీలర్ల కుటుంబాలు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న గాజువాక పిన్ని మాత్రం చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"ఆ ఫొటోలో నేను లేనమ్మా," అంది.

"ఏమైంది పిన్నీ?"

"ఏటి చెప్పమంటావు తల్లీ. పైకి ఎక్కించీసినారు. కళ్లు తిరిగిపోనాయి, అద్దాల కాడ కుర్చీలో కూలబడిపోనాను. ఊళ్లో అడిగినోళ్లందరికీ కొండ చూసినాననే చెప్తన్నాను."

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. తర్వాత వివరంగా అడిగాను. పొద్దున జ్యూరిక్‌లో విమానం దిగారు. స్నానం లేదు, నడుం వాల్చింది లేదు, బస్సు నేరుగా టిట్లిస్ కింద ఊరు ఎంగెల్‌బర్గ్ పోయింది. మేజోళ్ల మీద చెప్పులతోనే మధ్యాహ్నానికి పైన ఉన్నారు. రాత్రి పొద్దుపోయేదాకా అవార్డులు. మర్నాడు తెల్లారకుండానే లేపి 3,454 మీటర్ల ఎత్తున మంచులో ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ రైల్వే స్టేషన్‌కి బయల్దేరదీశారు.

విశాఖ వాళ్లకు కొండలు కొత్త కాదు. కానీ అరకు రైలెక్కితే దారిలో అన్నిటికన్నా ఎత్తున ఉండే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్లు. టిట్లిస్ కింద ఉన్న ఎంగెల్‌బర్గ్ ఊరే సుమారు అంత ఎత్తు. అక్కణ్ణుంచి కేబుల్ కారు అరగంటలో 3,020 మీటర్లకు చేరుస్తుంది. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, ఆయాసం ఎవరికైనా రావచ్చు. రాత్రంతా విమానంలో కూర్చుని, నిద్రలేక వచ్చిన అరవై ఏళ్ల మనిషి సంగతి చెప్పాలా?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ కేబుల్ కారు దారిలోనే, 1,800 మీటర్ల దగ్గర, ట్రూబ్‌సే అనే స్టేషన్ ఉంది. అక్కడ చెరువు, చుట్టూ చదునైన కాలిబాట, వేసవిలో తెడ్ల పడవలు, ఎదురుగా అదే మంచుకొండ. ఆయాసం లేకుండా ఆ పూటంతా కూర్చోవచ్చు. పిన్ని దాని ముందు నుంచే పైకి వెళ్లింది. ఇక్కడ దిగొచ్చని ఒక్కరూ చెప్పలేదు.

నిర్వాహకుల ఇబ్బందులు నాకు తెలుసు. వీసాలు, గ్రూపు టికెట్లు, కొత్త దేశంలో ఎవరైనా తప్పిపోతారేమోనన్న టెన్షన్. అందర్నీ ఒకే బస్సులో ఉంచితే నిశ్చింత. పైగా మంచు చూడాలనే కదా ఇంత దూరం వచ్చేది, మళ్లీ వస్తామో రామో. అదీ నిజమే. అయినా డబ్బు పెట్టాం కదా అని ఒక్క చోటు కూడా వదలకుండా తిప్పే మన అలవాటును నేను సమర్థించలేను. కార్తీక వనభోజనాలకు వెళ్తే ఇలా చేస్తామా? ఉసిరిచెట్టు కింద వంట అవుతుంటే పిల్లలు ఆడుకుంటారు, కొందరు పేకాట వేస్తారు, పెద్దవాళ్లు చాప పరుచుకుని కునుకు తీస్తారు. ఎవరూ వాళ్లను లేపి ఫొటోకి నిలబెట్టరు. అతిథిని ఎలా చూసుకోవాలో మనకు బాగా తెలుసు. విమానం ఎక్కగానే ఎందుకు మరిచిపోతాం?

నన్నడిగితే, మొదటి రోజు లూసర్న్ సరస్సు మీద పడవ చాలు. రెండో రోజు అదే పడవలో విట్స్‌నావ్ దిగితే రేవు పక్కనే రిగీ కొండ ఎక్కే పళ్లచక్రాల రైలు ఉంటుంది. 1871లో మొదలైంది, ఐరోపాలో తొలి కొండ రైలు అదే. శిఖరం 1,798 మీటర్లు. మధ్యలో కాల్ట్‌బాద్‌లో దిగితే పాత రైలుదారి మీద చదునుగా నడవొచ్చు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు. మూడో రోజు టిట్లిస్, అదీ పొద్దున్నే వెబ్‌క్యామ్‌లో ఆకాశం చూసుకుని. మబ్బు పట్టి ఉంటే మార్చుకోవడానికి ఒక రోజు ఖాళీగా పెట్టుకోవాలి. బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలన్నది అక్కడి చట్టం, ఆ లెక్క ముందే వేసుకోవాలి. అవార్డుల సభ ఉన్న రోజు కొండ వద్దే వద్దు.

డీలర్ల భార్యలను, వెంట వచ్చిన అమ్మానాన్నలను విశాఖలో ఉండగానే కూర్చోబెట్టి అడగండి. బీపీ ఉందా, గుండె జబ్బుందా, పైదాకా వెళ్తారా, చెరువు దగ్గర ఉంటారా అని. కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు చూపించమనండి.

మీ బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరి కంపెనీ అయినా ఇటు ప్రయాణం పెట్టుకుంటే, కార్యక్రమం అచ్చుకు ఇచ్చే ముందు మన సంఘానికి పంపమని చెప్పండి, దయచేసి. లూసర్న్, జ్యూరిక్ వైపు ఉన్న మన సభ్యులను కూడా వేడుకుంటున్నాను. వచ్చినవాళ్లకు భోజనం పెట్టడంతో సరిపెట్టకండి. ట్రూబ్‌సేలో వాళ్లతో పాటు దిగి ఉండడానికి ఒక శనివారం ఇవ్వండి. ఆ జాబితాలో నా పేరు ముందు రాసుకోండి.