గడువు ఒక్కరికేనా?

మొన్న మా కార్యాలయానికి వచ్చిన ఒక చిన్న పరిశ్రమ యజమాని బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి నోటీసు. పారిశ్రామిక వాడలో ప్లాటు తీసుకుని ఇంతకాలమైనా ఉత్పత్తి ఎందుకు మొదలుపెట్టలేదు, కేటాయింపు ఎందుకు రద్దు చేయకూడదు అని అడుగుతోంది. రెండోది కరెంటు కనెక్షన్ కోసం ఆయన పెట్టుకున్న దరఖాస్తు రసీదు. దాని తేదీ నోటీసు కంటే ఏడాది ముందుది. షెడ్డు లేచింది, మిషన్లు దిగాయి, బ్యాంకు వాయిదాలు మొదలయ్యాయి. వాడలోకి లైను మాత్రం రాలేదు. నోటీసులో ఆ ముక్కే లేదు.

రాష్ట్రంలో నియోజకవర్గానికొకటి చొప్పున 175 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులు పెడుతున్న సంగతి పాఠకులకు తెలిసిందే. 2025 మే 1న ముఖ్యమంత్రి పార్కు ప్రారంభించడానికి ఆత్మకూరు నియోజకవర్గం నారంపేటకు వచ్చారు. అదే ఏడాది నవంబరులో కనిగిరి వైపు పెదఈర్లపాడు వంతు వచ్చింది. పైన చెప్పిన వాడ ఈ రెండూ కాదు, పాతది. దొనకొండ పారిశ్రామిక హబ్, నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలం) అన్న మాటలు ఏళ్ల తరబడి విని విసిగిపోయిన పశ్చిమ ప్రకాశానికి చిన్న పార్కయినా దక్కితే సంతోషమే. మేము పార్కులు వద్దనడం లేదు. పార్కు పూర్తయిందని ఎప్పుడు అనాలి? శిలాఫలకం మీది తెర తీసిన రోజునా, లోపల మొదటి మోటారు తిరిగిన రోజునా?

ప్లాటు తీసుకున్నవాళ్లకు సాధారణంగా రెండేళ్ల గడువు పెడతారు. భూమిని ఖాళీగా ఉంచుకుని, రేటు పెరిగాక అమ్ముకుందామనుకునేవాళ్లను ఆపడానికి ఆ షరతు ఉండాల్సిందే. మరి నీళ్లు, కరెంటు, రోడ్డు, డ్రైను ఇవ్వాల్సినవాళ్ల గడువు ఏ కాగితంలో ఉంది? ఆలస్యమైతే వాళ్లు కట్టే జరిమానా ఎంత? అప్పు చేసినవాడికి గడువు, జీతం తీసుకునేవాడికి మినహాయింపు. ఇదేం పద్ధతి?

కొలతలు లేవా అంటే ఉన్నాయి. కేంద్రం 2018లో పైలట్‌గా మొదలుపెట్టిన పారిశ్రామిక పార్కుల రేటింగ్‌లో లోపలి సదుపాయాలు, బయటి రవాణా మార్గాలు, వ్యాపార సేవలు, పర్యావరణం–భద్రత అని నాలుగు అంశాలు చూస్తారు. 2021లో వచ్చిన రెండో రేటింగ్‌లో పై మెట్టుకు ఎక్కినవి దేశం మొత్తం మీద 41 పార్కులే. అదైనా పార్కు నడుస్తున్నాక వేసే మార్కులు. మనకు కావలసింది ప్లాటు అమ్మకముందు పెట్టే పరీక్ష.

అది కూడా మన నేలను చూసి పెట్టాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారినీ, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలనూ కోసేసింది. ఆ నెల్లూరు జిల్లాలో పార్కు లేఅవుట్ గీసేవాళ్లు ఆ ఏడాది వరద మట్టం చూడకుండా డ్రైన్ల కొలత ఎలా వేస్తారు? కనిగిరి ప్రాంతంలో సమస్య ఇంకో రకం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. అక్కడ ఒక బోరు వేసి 'నీటి సదుపాయం కలదు' అని రాసుకుంటే సరిపోదు, ఆ నీళ్లు కార్మికులు తాగగలరా అన్నది చూడాలి. చీమకుర్తి గ్రానైట్ కోత నుంచి వచ్చే స్లర్రీ (రాతిపొడి బురద) ఎక్కడ పోయాలో ముందే చోటు చూపించకపోతే అది ఎక్కడ తేలుతుందో ఒంగోలు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కనే. ఇక అగ్నిమాపక బండి తిరగలేని సందులు పార్కులో ఉండకూడదని రాయాల్సి రావడమే మాకు సిగ్గుగా ఉంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడుకు 17 మంది చనిపోయాక కూడా.

నిధులు విడతలుగా వస్తాయి, పనులు ఒక్కసారిగా కావు అని అధికారులు అంటారు. నిజమే కావచ్చు. అలాంటప్పుడు ప్లాట్లు కూడా విడతలుగానే అమ్మాలి, గడువు కూడా సదుపాయం అందిన రోజు నుంచే లెక్కపెట్టాలి. డబ్బు కట్టించుకునేటప్పుడు లేని విడత కరెంటు ఇచ్చేటప్పుడే ఎందుకు గుర్తుకొస్తుంది?

మా భయం రేపటి గురించి. 2024లో తెచ్చిన విధానంతో ప్రైవేటు వాళ్లు కూడా ప్రోత్సాహకాలు తీసుకుని పార్కులు కట్టబోతున్నారు. వాళ్ల డ్రైను కొలవడానికి వెళ్లిన అధికారిని 'ముందు మీ పార్కులో డ్రైను చూపించండి' అని అడిగితే ఏం చెబుతారు? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే. గడువు ఎదుటివాడికే అన్న అలవాటు ఈ తొలి పార్కుల్లో చెల్లిపోతే 175 చోట్లా అదే ఆనవాయితీ అవుతుంది.

ప్రతి పార్కు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. కరెంటు ఎన్ని కిలోవాట్లు, నీళ్లు రోజుకు ఎన్ని లీటర్లు, ఏ తేదీ నుంచి, బాధ్యుడు ఏ అధికారి. ఫలకం మీద పేర్లు చెక్కడానికి దొరికిన రాయి దీనికీ దొరుకుతుంది. అంతవరకు, చీకట్లో ఉన్న షెడ్డుకు నోటీసులు అంటించే పని మానుకోండి.