మహారాజశ్రీ రీడ్‌మీ గారికి

యాక్సెసిబిలిటీ స్టేట్‌మెంట్లను అప్‌డేట్ చేసే టూల్ తరఫున, దాన్నెలా వాడాలో చెప్పే ఫైల్‌గా మాట్లాడే మహారాజశ్రీ రీడ్‌మీ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్ స్థానిక సంస్థల వెబ్‌సైట్లు చూసుకునే టీమ్‌లో నేనొకణ్ణి. మీరు మా రిపాజిటరీలో (అంటే కోడ్ దాచుకునే చోట) అడుగుపెట్టాక టెన్షన్ తగ్గిందన్న మాట నిజం. 2018లో అక్కడ వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థల సైట్లు వికలాంగులు కూడా వాడుకునేలా ఉండాలి. ఎక్కడెక్కడ అలా లేవో, ఎందుకు లేవో, ఇబ్బంది పడ్డవాళ్లు ఎవరికి చెప్పుకోవాలో ఒక స్టేట్‌మెంట్‌లో రాసిపెట్టాలి. ఏడాదికోసారైనా దాన్ని సరిచూడాలి. సరిచూడటమంటే మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీ నొక్కుకుంటూ, తెర మీదున్నదాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్ మాటలు చెవులు రిక్కించి వింటూ ఒక్కో పేజీ తిరగడమేమో అని మేం అమాయకంగా భయపడ్డాం. మీరు ఒక్క కమాండ్‌తో ఆ భయం పోగొట్టారు. ‘చివరిగా సమీక్షించిన తేదీ’ అన్ని సైట్లలో ఒకేసారి మారిపోతుంది. బ్రేకులు చూడకుండానే స్కూల్ బస్సులన్నిటికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేసినట్టు!

మీ ప్రతిభ పూర్తిగా తెలిసింది మాత్రం వెర్షన్ మార్పు వచ్చినప్పుడే. వెబ్‌సైట్లు వికలాంగులూ వాడుకునేలా ఉండటానికి పాటించే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ. దాని 2.2 వెర్షన్ 2023 అక్టోబర్ 5న వచ్చింది. అందులోని మొదటి రెండు స్థాయులైన ఏ, డబుల్ ఏలలో ఆరు కొత్త నియమాలు చేరాయి. నొక్కాల్సిన బటన్ కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉండాలని ఒకటి (మినహాయింపులున్నాయి లెండి). వేలితో లాగాల్సిన పనికి లాగకుండా చేసే దారి కూడా ఉండాలని ఇంకొకటి. ఒకసారి నింపిన వివరాన్నే మళ్లీ మళ్లీ అడగొద్దని మరొకటి. చేతులు వణికేవాళ్లకి, మతిమరుపు ఉన్నవాళ్లకి ఇవి చిన్న విషయాలు కావు. మీ వివరణలో ఈ ఆరింటి ఊసే లేదు. ‘2.1 ఉన్నచోట 2.2 పెట్టాలంటే ఈ ఫ్లాగ్ వాడండి’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మేమూ వాడాం. బటన్లు ఎంత ఉన్నవి అంతే ఉన్నాయి.

‘తలకు మించిన భారం’ అనే మినహాయింపు గురించి కూడా చెప్పుకోవాలి. ఫలానాది సరిచేయడం మా శక్తికి మించిన పని అని సంస్థ చెప్పుకోవచ్చు, కానీ ముందు ఖర్చెంత, దానివల్ల వికలాంగులకు మేలెంత అని అంచనా వేసుకోవాలి. మీ ఉదాహరణ ఫైల్‌లో ఆ గడి ఎదురుగా ముందుగానే ‘ట్రూ’ అని పెట్టి ఉంది. జనం ఉదాహరణ ఫైల్‌ని కాపీ కొట్టకుండా ఇంకేం చేస్తారండీ? ఏ భారమూ ఎత్తకుండానే అందరి నడుములూ విరిగాయి.

ఇక మీ రూపురేఖలు. ఇన్‌స్టాల్ చేసే విధానమంతా స్క్రీన్‌షాట్లలోనే చూపించారు. కమాండ్లు కూడా బొమ్మల్లోనే, నల్లటి తెర మీద ముదురు బూడిద రంగు అక్షరాలతో. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ ఉండాల్సిన చోట ఫైల్ పేరే ఉంది. మా టీమ్‌లో చూపు లేని టెస్టర్ ఒకాయన ఉన్నారు. మిమ్మల్ని తెరిస్తే ఆయన హెడ్‌ఫోన్స్‌లో ‘గ్రాఫిక్, ఫైనల్ అండర్‌స్కోర్ టూ డాట్ పీఎన్‌జీ’ అని వినపడింది. ఆ తర్వాత ఇంకో గ్రాఫిక్, ఫైనల్ త్రీ. యాక్సెసిబిలిటీ టూల్‌ని ఇన్‌స్టాల్ చేయడానికి ఆయన పక్కసీటు వాణ్ణి పిలవాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. నవ్వారు. అదే ఎక్కువ బాధేసింది.

మిమ్మల్నొక్కరినే అనడం అన్యాయం. మన దగ్గర కొన్ని ప్రభుత్వ సైట్లలో ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ పేజీ తెరిచి చూడండి. 2017లోనే అమ్మకాలు ఆపేసిన విండో-ఐస్ అనే స్క్రీన్ రీడర్ ఇప్పటికీ ఆ పట్టికలో దర్జాగా కూర్చుని ఉంటుంది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఆ పట్టికకు ఇంకా సమన్లు అందినట్టు లేదు. మీరు అక్కడికీ వెళ్తే, తేదీ మాత్రం కొత్తదవుతుంది.

మీలో మంచి లేదనను. ఫోన్ నంబర్, ఈమెయిల్ మారినప్పుడు అన్ని సైట్లలో ఒక్క దెబ్బకు మార్చేస్తారు. ఫిర్యాదు చేయబోయే మనిషికి పాత నంబర్ మోగుతూ ఉండటం కంటే అది ఎంతో నయం. ఆ పనికి మీకు దండం పెడతాను.

ఒక్క విన్నపం. తేదీ మార్చే ముందు ఎవరు పరీక్షించారు, దేంతో పరీక్షించారు అని అడిగే గడి పెట్టండి. ఖాళీగా వదిలితే కమాండ్ ఆగిపోవాలి. మీకు శ్రమ ఎందుకని ఆ కోడ్ నేనే రాసి, టూల్‌లో చేర్చుకోమని పుల్ రిక్వెస్ట్ పంపాను. మీ ఆటోమేటిక్ చెక్ దాన్ని వెనక్కి కొట్టింది. కొత్త గడి ఎలా నింపాలో చూపించే స్క్రీన్‌షాట్ జత చేయలేదట.

ఇట్లు,
మీ విధేయుడు