అద్దె వృథా, ఇల్లే పెన్షన్: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌లో రాని లెక్క

మా ఫ్యామిలీ గ్రూపులో మూడు నెలల్లో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇంతే: అద్దె కట్టడమంటే డబ్బు నీళ్ళలో పోయడం, ముప్పై దాటకముందే లోన్ పెట్టి ఫ్లాట్ కొనెయ్యి. స్థలాల ధర పెరగడమే గానీ తగ్గడం ఉండదు. హోమ్ లోన్‌తో టాక్స్ మిగులుతుంది. రిటైరయ్యాక ఇల్లే పెన్షన్. పెద్దవాళ్ళు ఆలస్యం చేయకుండా ఇల్లు పిల్లల పేరున రాసేస్తే మంచిది.

పంపింది మా బావ. వరసకి పెద్ద, పైగా మాట పడని మనిషి, కాబట్టి గ్రూపులో ఏమీ అనలేదు. కానీ బ్యాంకులో పదకొండేళ్ళు హోమ్ లోన్ ఫైళ్ళు చూసినవాణ్ణి, ఊరుకోబుద్ధి కాలేదు.

సొంత ఇల్లు వద్దని నేను అనను. నాకూ ఇల్లుంది, దాని మీద లోనూ ఉంది. ఆ మెసేజ్ మాత్రం కొన్న ధర, అమ్మిన ధర ఈ రెండే చూస్తుంది. మధ్యలో జేబులోంచి పోయేది, ముసలితనంలో చేతికి రానిది దాని లెక్కలోకి రావు.

"అద్దె కట్టడం డబ్బు వృథా"

80 లక్షల ఫ్లాట్ అనుకుందాం. దాన్నే అద్దెకి తీసుకుంటే నెలకి 25 వేలు. కొంటే బ్యాంకు మొత్తం ఇవ్వదు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నియమం. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలపరు. మనవాడు 60 లక్షలు లోన్ తీసుకున్నాడు. చేతినుంచి 20 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి దాదాపు 7.5 శాతం, అంటే 6 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ, మరో 4 లక్షలు. అంటే గడప తొక్కకముందే 30 లక్షలు. అందులో 10 లక్షలు ఇంటికి కాదు, ప్రభుత్వానికి. కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ అంటూ ఇంటీరియర్ వాళ్ళు చెప్పే అంకె నేను రాయను, బీపీ పెరుగుతుంది.

ఇక ఈఎంఐ. 60 లక్షలకి 8 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అంటే నెలకి 50,186 రూపాయలు. మొదటి నెల కట్టిన దాంట్లో 40 వేలు వడ్డీ, అసలుకి పోయేది 10,186. మొదటి ఏడాది మొత్తం 6 లక్షల పైచిలుకు కడితే అందులో దాదాపు 4 లక్షల 75 వేలు వడ్డీయే. అదే ఇంటికి ఏడాది అద్దె 3 లక్షలు. ఇంటాయనకి 3 లక్షలు ఇస్తే వృథా, బ్యాంకుకి 4.75 లక్షలు ఇస్తే పొదుపు. ఇది ఏ లెక్క? ఇరవై ఏళ్ళూ సక్రమంగా కడితే వడ్డీ 60 లక్షలు దాటుతుంది, అసలంత.

బావ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అద్దె పెరుగుతుంది, ఈఎంఐ పెరగదు అని ఆయన వాదన. అద్దె ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే 25 వేలు కాస్తా 50 వేలు దాటడానికి 15 ఏళ్ళు పడుతుంది. కాబట్టి పదిహేను, ఇరవై ఏళ్ళు అదే ఊళ్ళో, అదే ఇంట్లో ఉంటామని గట్టిగా తెలిసినవాళ్ళకి కొనడం మంచిదే. మూడేళ్ళకోసారి కంపెనీ మారి మాదాపూర్ నుంచి పుణె, పుణె నుంచి బెంగళూరు తిరిగే కుర్రాడికి అదే సలహా ఇస్తే మెడకి గుదిబండ.

పైగా ఈఎంఐ పెరగదన్నదీ నిజం కాదు. మన దగ్గర హోమ్ లోన్లు దాదాపు అన్నీ ఫ్లోటింగ్ రేటువే, అంటే వడ్డీ మధ్యలో మారుతూ ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్ళింది. అంతకుముందు 6.75 శాతానికి 60 లక్షలు తీసుకున్నవాడి ఈఎంఐ సుమారు 45,600. రేటు 9.25కి చేరేసరికి నెల వడ్డీయే 45 వేల చుట్టూ వచ్చింది. బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించుకుంటూ పోయాయి. కట్టేవాడికి ఖాతాలో తేడా కనబడదు, అసలు మాత్రం కదలదు. ఇది ఎంత దూరం పోయిందంటే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకే కలగజేసుకుని, ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, ఫిక్స్‌డ్ రేటుకి మారాలా అన్నది కస్టమర్‌ని అడగాలని ఆదేశించింది. 2025లో రేట్లు మళ్ళీ తగ్గాయి. తగ్గినప్పుడు ఎంతమంది తమ స్టేట్‌మెంట్ తీసి గడువు చూసుకున్నారో నాకు అనుమానమే. మీరు లోన్ కడుతుంటే ఈ వారం ఆ ఒక్క కాగితం తెప్పించుకోండి.

"ధర పెరగడమే గానీ తగ్గడం ఉండదు"

ఇది ఏ ఢిల్లీవాడో అంటే సరే. తెలుగువాళ్ళం మనం ఎలా నమ్ముతాం? అమరావతి మన కళ్ళముందే ఉంది. 2014లో రాజధాని అనగానే తుళ్ళూరు, మందడం వైపు రేట్లు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది, ప్లాట్లు అడిగే నాథుడు లేకుండా పోయాడు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్ళీ కార్లు వరస కట్టాయి. ఆ నాలుగున్నరేళ్ళలో కూతురి పెళ్ళి పడ్డవాడు, ఆపరేషన్ పడ్డవాడు వచ్చిన రేటుకి వదిలేశాడు. తర్వాత పెరిగింది నిజమే, కానీ ఆ పెరిగింది అతనికి రాలేదు.

హైదరాబాదే తీసుకోండి. 2009 జనవరిలో సత్యం కుంభకోణం, అంతకుముందే ప్రపంచ మాంద్యం, ఆ ఏడాది చివరి నుంచి ఉద్యమ కాలపు అనిశ్చితి. 2014 దాకా మార్కెట్ చప్పగానే ఉంది. ధర అంకె అలాగే నిలబడినా బియ్యం, బడి ఫీజులు ఆగలేదు కదా. ఐదేళ్ళు కదలని ధర అంటే తగ్గిన ధరే.

ఇంకో తిరకాసుంది. పెరిగేది స్థలం, అరిగేది కట్టడం. మనం "భూమి బంగారం" అనే సామెత చెప్పుకుంటూ కొనేది ఇరవయ్యో అంతస్తులో గాలి. 1990ల్లో కట్టిన మూడంతస్తుల అపార్టుమెంట్లలో ఫ్లాటుకి నలభై, యాభై గజాలు వాటా రావడం ఉండేది. ఇప్పటి టవర్లలో యూడీఎస్, అంటే ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా, ఎంతో కాగితం మీద చూస్తే మొహం వాడిపోతుంది. అగ్రిమెంటులో ఎస్ఎఫ్‌టీ ఎంత అని అడిగే ముందు గజాలెన్ని అని అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రీలాంచ్ ఆఫర్ అయితే ఏమీ అడగక్కర్లేదు, లేచి వచ్చేయండి. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (నిండితే నీళ్ళు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లోనో ఉందని 2024లో హైదరాబాద్ ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి కూల్చినప్పుడు, రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు లోన్ ఉంది అని ఏడ్చినవాళ్ళని టీవీల్లో చూశాం.

"లోన్ ఉంటే టాక్స్ మిగులుతుంది"

పాత సంగతి. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్. అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉండిపోయినా వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకే. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది సెస్సుతో కలిపి 62,400. పైన చెప్పిన ఉదాహరణలో దానికోసం కట్టే వడ్డీ 4.75 లక్షలు.

పెన్షన్ మాట చివరికి ఉంచుకుని ముందు ఐదోది చూద్దాం.

"పిల్లల పేరున రాసేయండి"

ఈ ఒక్క మాట కోసమైనా ఆ మెసేజ్ ఆపాలి. గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) ఒకసారి రిజిస్టరైతే ఇల్లు మీది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకునే దారి ఉంది. అయితే బాగోగులు చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా ఉంటేనే ఆ దారి సులువు. "మా వాడు అలాంటివాడు కాదు" అని సిగ్గుపడి షరతు రాయించరు. తొందరే ఉంటే వీలునామా రాయండి. బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రిజిస్ట్రేషన్ ఖర్చూ స్వల్పం. పిల్లలకి డౌన్ పేమెంట్ కోసం ఎఫ్‌డీలన్నీ విరగ్గొట్టి ఇచ్చే తల్లిదండ్రులకీ ఇదే చెప్తా. ఇవ్వండి, కానీ మీ రెండేళ్ళ ఖర్చులు, ఒక ఆసుపత్రి బిల్లు పక్కన పెట్టాకే.

"ఇల్లే పెన్షన్"

మా పిన్నీ బాబాయిలది దిల్‌సుఖ్‌నగర్ వైపు 1996లో కొన్న ఫ్లాట్. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బాబాయిది ప్రైవేటు ఉద్యోగం, పెన్షన్ అంటే ఈపీఎఫ్ వాళ్ళిచ్చే కాసిని రూపాయలే. బ్రోకర్లని అడిగితే ఫ్లాటు 60 లక్షలు పలుకుతుందంటారు. అదే ఇంట్లో నెలాఖరుకి మందుల షాపులో అప్పు రాయించుకుంటారు. "కిందికి దిగితే మళ్ళీ ఎక్కాలని భయంరా, అందుకే మీ బాబాయి వారానికోసారే దిగుతున్నారు" అంది పిన్ని.

సొంతంగా ఉండే ఇల్లు నెలకి రూపాయి ఇవ్వదు. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, డ్రైనేజీ లైన్ మార్చినప్పుడు వాటా అంటూ తీసుకుంటుంది. రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినా, మన 80 లక్షల ఫ్లాట్ ఏడాదికి ఇచ్చేది 3 లక్షలు, ఖాళీగా ఉన్న నెలలు, రంగులు పోగా ఇంకా తక్కువ. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్న సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షలు వేసినవారికి మూడు నెలలకోసారి 61,500, ఏడాదికి 2.46 లక్షలు. దాని మీద పన్నుంటుంది, అసలు పెరగదు, అది ఒప్పుకోవాలి. కానీ డెబ్బై ఏళ్ళ మనిషికి కావలసింది నెల గడవడం.

రివర్స్ మార్ట్‌గేజ్ అని ఒకటుంది, 2007 బడ్జెట్లో ప్రకటించారు. అరవై దాటినవాళ్ళు సొంత ఇంట్లోనే ఉంటూ దాని మీద బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. ఈఎంఐ లేదు, వచ్చిన డబ్బు మీద పన్ను లేదు. దంపతులిద్దరూ పోయేదాకా ఖాళీ చేయించరు. తర్వాత వారసులు బాకీ కట్టి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదంటే అమ్మగా మిగిలింది వాళ్ళకే ఇస్తారు. కాగితం మీద ముచ్చటగా ఉంది కదా? పిన్నిని తీసుకుని ఒక బ్యాంకు బ్రాంచికి వెళ్తే మామూలు తనఖా లోన్ ఫారం తీసిచ్చారు. వివరంగా చెప్పాక, అంత పాత అపార్టుమెంటుకి కష్టమన్నారు. ఇంటికొస్తే డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో, "ఇల్లు తాకట్టు పెట్టారంటే నలుగురూ నన్నేమనుకుంటారమ్మా" అన్నాడు. ఆ పథకం మన దగ్గర ఎందుకు పాకలేదో ఆ ఒక్క రోజులో నాకు అర్థమైంది.

అమ్మడం ఇంకో దారి. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి లాభం మీద 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కేస్తే) 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఈ వెసులుబాటు ఇక్కడ నివసించేవారికే. ఇల్లు ఇప్పుడే కొడుకు పేరున రాసేసి ఉంటే, ఎన్నారై అయిన అతనికి అది ఉండదు. పైగా ఎన్నారై దగ్గర కొనేవాడు టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) ఎక్కువ పట్టుకోవాలి, ఆ గొడవెందుకని బేరాలు వెనక్కి పోతాయి.

పిన్నికి అమ్మడానికి మనసొప్పలేదు. చివరికి మూడో అంతస్తు ఫ్లాటుని ఇద్దరు ఉద్యోగం చేసే అమ్మాయిలకి 16 వేలకి ఇచ్చి, పక్క సందులో కింది పోర్షన్ 13 వేలకి తీసుకున్నారు. మిగిలే మూడు వేలు మందుల షాపుకి. బాబాయి రోజూ సాయంత్రం పార్కు దాకా వెళ్ళొస్తున్నారు.

బావ నాలుగోసారి పంపిన మెసేజ్ కింద పిన్ని ఒక దండం బొమ్మ పెట్టింది. ఆ పొద్దున్నే కొత్త ఇంటాయనకి అద్దె ఇచ్చి వచ్చింది.