రాయితీలకు వచ్చిన పెట్టుబడి నిలుస్తుందా?

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు కావాలనుకున్న వర్ధమాన దేశాలకు ముందుగా తోచేది పన్ను రాయితీ. పొరుగు దేశం పదేళ్ల మినహాయింపు ఇస్తే తాము పదిహేనేళ్లు ఇస్తామంటాయి. చమురుకో, ఖనిజాలకో వచ్చే కంపెనీ ఎలాగూ అవి దొరికే చోటికే రావాలి కనుక దానికిచ్చే మినహాయింపు చాలావరకు ఖజానాకు గండి. ఎక్కడైనా నడపగల పరిశ్రమ గడువు తీరగానే ఇంకో దేశం వైపు చూస్తుంది. పైగా పెద్ద బహుళజాతి సంస్థలపై కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021లో 130కి పైగా దేశాలు అంగీకరించాయి. ఆ నిబంధన అమలైన చోట్ల, పేద దేశం వదులుకున్న పన్నును ఆ కంపెనీ సొంత దేశం లాంటి ఇంకో దేశం వసూలు చేసుకోవచ్చు.

మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికా అనుభవం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది. 1996లో చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్ ప్లాంటు కోసం ఇంటెల్ స్థలం వెతుకుతున్నప్పుడు, జనాభా 40 లక్షలైనా లేని ఆ దేశం బ్రెజిల్, మెక్సికోలతో పోటీపడి గెలిచింది. పన్ను మినహాయింపు అక్కడా ఉంది, కాకపోతే అది చట్టం ప్రకారం అర్హులందరికీ దక్కేదే. అధ్యక్షుడు హోసే మరియా ఫిగరెస్ స్వయంగా చొరవ తీసుకున్నారు. టెక్నీషియన్ల కొరత ఉందని తేలగానే, దాన్ని తీర్చేలా సాంకేతిక విద్యలో మార్పులు తెచ్చారు. 2014లో ఇంటెల్ ఆ అసెంబ్లీ పనిని ఆసియాకు తరలిస్తున్నట్లు ప్రకటించినప్పుడు దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. అది చిన్న దెబ్బ కాదు. అయినా దేశం కూలబడలేదు. అప్పటికే వేళ్లూనుకున్న వైద్య పరికరాల పరిశ్రమ ఆ తర్వాత ఎగుమతుల్లో అగ్రస్థానానికి చేరింది. రాయితీకి గడువుంటుంది కానీ, నేర్చుకున్న పని ఆ మనుషుల దగ్గరే ఉండిపోతుంది.

పెట్టుబడిదారును అన్నిటికన్నా బెదరగొట్టేది అనిశ్చితి అని నా అభిప్రాయం. పన్ను ఎక్కువైతే దాన్ని లెక్కలో కలుపుకోవచ్చు, రేపు ఏ నిబంధన మారుతుందో తెలియకపోతే లెక్కే వేయలేరు. గత లావాదేవీలకూ వర్తించేలా భారత్ 2012లో తెచ్చిన పన్ను సవరణ ఏళ్ల తరబడి అంతర్జాతీయ వివాదాలకు దారితీసి, చివరకు 2021లో రద్దయింది.

వచ్చిన పరిశ్రమ స్థానిక సంస్థలతో ముడిపడకపోతే దేశానికి మిగిలేది జీతాలు మాత్రమే. మలేసియాలోని పెనాంగ్‌లో ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి 1989లో నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టుకున్నాయి. ఆ శిక్షణ స్థానిక సరఫరాదారుల ఎదుగుదలకూ తోడ్పడింది.

ఇక ఇప్పటికే ఉన్న కంపెనీల మాట. విదేశీ పెట్టుబడుల్లో గణనీయమైన భాగం, అవి తమ లాభాలను మళ్లీ అక్కడే పెట్టడం వల్ల వచ్చేదే. ఒక్క సంతకం కోసం రేవులో వారాల తరబడి ఆగిపోయిన యంత్రభాగాల కంటైనర్‌ను విడిపించే అధికారి, కొత్త ఒప్పందాల కోసం విదేశాలు తిరిగే మంత్రి కన్నా ఎక్కువ పెట్టుబడి తేగలడు. అలాంటి అధికారికి ఆ అధికారం, అది వాడినందుకు బదిలీ కాకుండా రక్షణ, ఈ రెండూ ఇవ్వడానికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు.