స్థిర విద్యుత్తూ, నా నెత్తీ

ఇది నిన్న జరిగింది. చెవులింకా వేడిగానే ఉన్నాయి. చల్లారకముందే రాసేస్తున్నాను.

శుక్రవారం రాత్రి తొమ్మిదీ ముప్పావుకి మా అమ్మాయి స్కూలు వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పడింది. తెల్లవారితే సైన్స్ ఎగ్జిబిషన్. ఎనిమిదో తరగతి పిల్లలంతా తలో ప్రయోగం చూపించాలి. కింద లావు అక్షరాలతో "తల్లిదండ్రుల భాగస్వామ్యం తప్పనిసరి". రాత్రి చెప్పి పొద్దున ఎనిమిదికల్లా రమ్మంటే ఇంట్లో ఉన్న సామానుతోనే విజ్ఞానశాస్త్రం నడవాలి మరి. మా అమ్మాయి అగ్నిపర్వతం చేద్దామంది. వంటసోడా, వెనిగర్, కాస్త ఎర్ర రంగు. నేను ఒప్పుకోలేదు. "ఎక్కడ చూసినా అగ్నిపర్వతాలే. మనం ఫిజిక్స్ చేద్దాం" అన్నాను. నేను డిగ్రీలో ఎంపీసీ. ఈ ముక్క ఇంట్లో అప్పుడప్పుడూ చెబుతుంటాను. ఇరవై ఏళ్ళుగా ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉన్నవాణ్ణి, చెప్పకపోతే నేనే మర్చిపోయేలా ఉన్నాను.

బెడ్‌రూములో ఏసీ వేసి రిహార్సల్ చేశాం. శుక్రవారం కాబట్టి అమ్మాయి పొద్దున్నే తలంటుకుంది, జుట్టు పొడిగా గాలికెగురుతోంది. ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు దువ్వి కాగితం ముక్కల దగ్గర పెట్టగానే, తాకకుండానే, రెండు వేళ్ళ ఎత్తు నుంచి అవి లేచి వచ్చి దువ్వెనని పట్టుకున్నాయి. ఒక ముక్కయితే దువ్వెనకి తగిలీ తగలగానే మళ్ళీ ఎగిరి నా కళ్ళజోడు మీద పడింది. నేను పొంగిపోయాను. దువ్వినప్పుడు జుట్టులోని ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెనకి వలసపోతాయి, దువ్వెనకి రుణావేశం, అంటే నెగెటివ్ చార్జి, వస్తుంది, కాగితంలో దగ్గరి వైపు ధనావేశం తేలుతుంది, అందుకే ఆకర్షణ. తగిలాక దువ్వెన ఆవేశంలో కొంత కాగితానికీ అంటుకుంటుంది, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, అందుకే ఆ ముక్క పారిపోయింది. ఇదంతా పుస్తకం చూడకుండా చెప్పాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి విన్నది కూడా. విని, "రేపు శనివారం, మీ తలంటు, ఇలా రండి" అని నెత్తిన ఇంత కొబ్బరి నూనె పోసి మర్దనా చేసి పంపింది.

పొద్దున షాంపూతో కడుక్కుందామంటే కొళాయిలో నీళ్ళు లేవు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గురించి విడిగా రాస్తాను.

స్కూలు బీచ్ రోడ్డుకి రెండు వీధుల ఇవతల. ఆగస్టు నెల, రాత్రంతా చినుకు. గ్రౌండులో షామియానా, దాని కింద వరసగా బెంచీలు. సముద్రం మీది గాలి తిన్నగా వచ్చి మా బెంచీకే తగులుతోంది. వైజాగ్‌లో ఉండేవాళ్ళకి ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. వేయించిన అప్పడం కాసేపటికే చాపలా వంగే ఊరు మనది. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసుకునే ఊరు. ఈ ఊరి మీద అంత నమ్మకంతో దువ్వెన పట్టుకుని ఎలా బయల్దేరానో నాకే తెలీదు. ఎంపీసీ అని చెప్పుకునేవాడికి తట్టాల్సిన విషయమే అది. గాలిలో తేమ ఎక్కువైతే వస్తువుల మీద కంటికి కనిపించని పల్చటి నీటి పొర పడుతుంది. మన గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఆ పొరకి విద్యుత్తు బాగానే పారుతుంది. దువ్వెన మీద ఆవేశం పోగైనది పోగైనట్టే దానిమీదుగా జారి చేతిలోకి, ఒంట్లోకి, నేలలోకి పోతుంది. ఆవేశాన్ని కూలుంబుల్లో కొలుస్తారు, ఒక కూలుంబు కావాలంటే 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు పైగా చేరాలి. మనకి అంతొద్దు, అందులో పిసరు చాలు. ఆ పిసరు కూడా నిలవలేదు.

నేను అప్పటికీ అడిగాను. ఎగ్జిబిషన్ చూసుకునే మేడమ్ దగ్గరికి వెళ్ళి, "మా ప్రయోగానికి పొడి గాలి కావాలండీ, పక్కన ఏసీ హాలు ఖాళీగా ఉంది కదా, ఒక్క బెంచీ వేసుకోవచ్చా?" అన్నాను.

"అది గెస్టుల టిఫిన్లకండీ."

ఇడ్లీకి తేమ కావాలి, దువ్వెనకి తేమ పడదు. ఇడ్లీని ఏసీలోనూ దువ్వెనని సముద్రపు గాలిలోనూ పెట్టారు. ఫీజు రశీదులో "స్మార్ట్ లాబ్" అని ఒక పద్దుంటుంది. అదెక్కడో అడగాలనిపించింది కానీ మా అమ్మాయి చొక్కా పట్టుకుని లాగింది.

వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి పొడి జుట్టు తల ఒకటి కావాలి. మా అమ్మాయిది పనికిరాదు. స్కూలు రూలు ప్రకారం నూనె రాసి, బిగించి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి మడిచేసి ఉంది. చుట్టూ ఉన్న ఆడపిల్లలందరిదీ అదే అవతారం. మగపిల్లలకి సైనికుల క్రాపు, దువ్వెనకి దొరకదు. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైరైన ఇంజనీరు గారిది మాత్రం తెల్లగా, పొడిగా, పత్తిలా లేచి నిలబడ్డ జుట్టు. భగవంతుడు ఈ ప్రయోగం కోసమే ఇచ్చాడా అన్నట్టుంది. అడగలేం కదా. "సార్, మీ తల ఒక్క నిమిషం" అనే వాక్యం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఇక మిగిలింది నా తల.

దువ్వడం మొదలుపెట్టాను. మొదటి పది దువ్వులకి ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై దాటాక ఇద్దరు తల్లులు ఆగారు. గేటు దగ్గర ఉండాల్సిన వాచ్‌మన్ వచ్చి కాసేపు చూసి, "ఏటి బాబూ, దువ్వెనలెంత?" అని అడిగాడు. అమ్మేవి కాదన్నాను. నమ్మినట్టు లేదు. దువ్వెన తీసి కాగితం ముక్కల మీద పెట్టాను. కదల్లేదు. ఆ ముక్కల కాగితమూ నా ఖర్మే. రాత్రి హడావిడిలో చేతికి దొరికింది ఇదే స్కూలు పంపిన ఫీజు నోటీసు. సర్క్యులర్లు వాట్సాప్‌లో ఊరికే పడతాయి కానీ ఫీజు నోటీసు మాత్రం పెళ్ళి శుభలేఖంత దళసరి కాగితం మీద ఇంటికొస్తుంది. ఏసీలో లేచిందంటే లేచింది, ఇక్కడ దాన్ని లేపాలంటే పిడుగు పడాలి.

మళ్ళీ దువ్వాను. ఈసారి కళ్ళు మూసుకుని. ఎందుకు మూసుకున్నానంటే చెప్పలేను, ఎదురుగా జనం కనిపించకపోతే ఎలక్ట్రాన్లు తొందరగా కదులుతాయన్న భ్రమేమో. అంత ఇబ్బందిలోనూ థేలీస్ గుర్తొచ్చాడు. క్రీస్తుకి ఆరొందల ఏళ్ళకి ముందు అంబరుని, అంటే రాయిలా గట్టిపడ్డ పాతకాలపు చెట్టు జిగురుని, రుద్ది తేలికైన వస్తువుల్ని లాగించాడని చెప్పే గ్రీకు పెద్దాయన. గ్రీకులో అంబరు పేరే ఎలక్ట్రాన్. మనవాళ్ళు దాన్నే తృణమణి అన్నారు, గడ్డిపరకని లాగే మణి అని. ఎంత చక్కటి పేరు! థేలీస్‌ది మిలెటస్, అదీ అప్పట్లో సముద్రపు ఒడ్డే. కానీ అక్కడ ఎండాకాలం పొడిగా ఉంటుంది. ఆయన్ని తీసుకొచ్చి ఆగస్టులో ఆర్కే బీచ్‌లో కూర్చోబెట్టి రుద్దమంటే తెలిసేది. మానవజాతికి విద్యుత్తు ఇంకో వెయ్యేళ్ళు ఆలస్యమయ్యేది. పైగా ఆయన నెత్తిన నూనె పెట్టి పంపిన దాఖలా ఎక్కడా లేదు.

అరవై ఏడు, అరవై ఎనిమిది. పక్క బెంచీలో అగ్నిపర్వతం నాలుగోసారి బుసబుస పొంగింది, చప్పట్లు. ఆ అబ్బాయి నా వంక జాలిగా చూసి, "అంకుల్, ఇంకొంచెం గట్టిగా" అన్నాడు.

గట్టిగానే దువ్వాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ముఖ్య అతిథి, ప్రిన్సిపాల్, సైన్స్ మాస్టారు, వెనకాల ఫోన్లు పైకెత్తిన జనం. కంగారులో దువ్వెనని ముక్కల మీద పెట్టడం కాదు, అదిమేశాను. పైకెత్తితే ముక్కలు! ఒకటీ రెండూ కాదు, దువ్వెన పళ్ళ నిండా గుత్తులుగా ముక్కలు. జనం చప్పట్లు కొట్టారు. నేను మెల్లగా తల వంచి నమస్కారం కూడా చేశాను. ఆ నమస్కారం తలుచుకుంటేనే నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

ముఖ్య అతిథి గారు కళ్ళజోడు సవరించుకుని దువ్వెన దగ్గరికి వంగారు. అన్నిటికంటే ముందు అతుక్కున్న ముక్క మీద ఏదో అచ్చయి ఉంది. అందరికీ వినబడేలా చదివారు. "లే...ట్ ఫీ." ప్రిన్సిపాల్ గారు ఆకాశం వైపు చూశారు.

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. సైన్స్ మాస్టారు దువ్వెన అందుకున్నారు. తలకిందులు చేశారు, ముక్కలు రాలలేదు. విదిలించారు, రాలలేదు. వేలితో ఒక పన్ను మీద రాసి, బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"కొబ్బరి నూనె" అన్నారు.

"అయినా అతుక్కున్నాయి కదండీ" అన్నారు ముఖ్య అతిథి, పాపం మంచాయన.

"అతుక్కోవడం వేరు, ఆకర్షించడం వేరు సార్. ఆవేశం ఉంటే తాకకముందే లేస్తాయి, కొన్ని తగిలాక ఎగిరిపోతాయి కూడా. ఇవి చూడండి, గోడక్కొట్టినా వదలవు." ముందురోజు రాత్రి నేను మా ఇంట్లో చెప్పిన పాఠమే. నా దువ్వెన పట్టుకుని, నా ఎదురుగా, నాకే చెప్పారు. నేను శ్రద్ధగా తలూపాను. ఇంకేం చేస్తాను?

ఆయన మా అమ్మాయి వైపు తిరిగి, "నీ ప్రయోగమేనామ్మా?" అన్నారు.

"కాదు సార్, మా నాన్నది. నేను అగ్నిపర్వతం చేద్దామన్నాను."

మొదటి బహుమతి అగ్నిపర్వతానికే వచ్చింది. మాకు పార్టిసిపేషన్ సర్టిఫికెట్. ఇంటికొచ్చేదాకా అమ్మాయి మాట్లాడలేదు. మాట్లాడాక కూడా అగ్నిపర్వతం గురించే మాట్లాడింది.

సాయంత్రం గ్రూపులో స్కూలువాళ్ళు ఫొటోలు పెట్టారు. మొదటిది నాదే. కళ్ళు మూసుకుని, నోరు సగం తెరిచి, దువ్వెన నడినెత్తిన. కింద "తల్లిదండ్రుల ఉత్సాహభరిత భాగస్వామ్యం" అని రాశారు. దాని కింద నవ్వే బొమ్మలు లెక్కపెట్టడం ముప్ఫై దగ్గర మానేశాను. వాటి మధ్యలో ఎవరో తల్లిగారు నిజంగానే అడిగారు. "ఆ నూనె ఏ కంపెనీదండీ? కొన్నవాటిలో అంత జిడ్డు ఉండట్లేదు."

నేను చూసేలోపే మా ఆవిడ జవాబు పెట్టేసింది. "కంపెనీది కాదండీ, గానుగ నూనె, పూర్ణా మార్కెట్ దగ్గర. కావాలంటే చెప్పండి, సోమవారం ఈయన అటే వెళ్తున్నారు."

ఇప్పటికి ఏడు లీటర్లయింది.